రూతు రాసిన కథ, నేను చూడని వెనక పేజీ

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు నన్ను బదిలీ చేస్తూ జూన్ రెండో వారంలో ఉత్తర్వు వచ్చింది. కరోనా తరువాత బడులు పూర్తిగా తెరుచుకున్న రెండో ఏడాది అది. నా రిటైర్‌మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. హోదా స్కూల్ అసిస్టెంట్, తెలుగు. దానితోపాటు పదో తరగతి బి సెక్షనుకు క్లాస్ టీచర్ బాధ్యత కూడా అప్పగించారు. క్లాస్ టీచర్ అంటే హాజరు పట్టీ రాయాలి, తల్లిదండ్రులతో మాట్లాడాలి, పబ్లిక్ పరీక్షకు పిల్లల వివరాలు సిద్ధం చేయాలి. కొంపల్లిలో మా ఇంటి నుంచి బస్సులో మేడ్చల్, అక్కడి నుంచి షేర్ ఆటోలో బడి. ఆ ఆటోలో ఇరుక్కొని దిగేసరికే నాకు సగం కోపం వచ్చి ఉండేది. మిగతా సగం పిల్లలు తెప్పించేవారు. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతో వచ్చింది, ఉద్యోగంతో కాదు.

కథ ఎలా తయారవుతుందో పిల్లలకు చెప్పడమంటే నాకు ఇష్టం. పాఠ్యపుస్తకంలో కథలు ఉంటాయి, వాటి కింద ప్రశ్నలుంటాయి. కథలో ఏ భాగం ఏ పని చేస్తుందో మాత్రం విడదీసి చెప్పరు. అందుకని నేను సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాను. బోర్డు మీద ఆరు గడులు గీసేదాన్ని. ఇతివృత్తం, పాత్రలు, స్థలకాలాలు, సంఘర్షణ, కథ చెప్పేవారు, ముగింపు. ఒక్కో గడికి ఒక రోజు.

స్థలకాలాల గురించి చెప్పేటప్పుడు, సెలవు రోజు సాయంత్రం శామీర్‌పేట చెరువు కట్ట, పొద్దున ఎనిమిదింటికి మేడ్చల్ బస్టాండు, ఈ రెండు చోట్లా ఇద్దరు మనుషులు ఒకే మాట అనుకుంటే ఆ మాట ఎంత మారుతుందో చెప్పించేదాన్ని. సంఘర్షణ అంటే కొట్లాటా అని అడిగేవారు. కాదు, ఒకరికి ఒకటి కావాలి, దానికి ఏదో అడ్డం వస్తుంది, అంతే అనేదాన్ని. షేర్ ఆటోలో ఒక్క సీటు ఉంది, ఎక్కవలసినవాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరికీ పరీక్ష ఉంది. ఈ ఉదాహరణ చెప్పగానే తరగతి మొత్తానికి సంఘర్షణ అర్థమైపోయేది.

అయిదో గడి కష్టం. కథలో 'నేను' అని చెప్పే మనిషి వేరు, కథ రాసిన మనిషి వేరు. పదిహేనేళ్ళ పిల్లలకు ఇది ఒక పట్టాన ఎక్కదు. ఆ ఏడాది వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "టీచర్, దొంగ కథ నేను నేను అని రాస్తె పోలీసులు నన్నే పడ్తరా?" అన్నాడు. పోలీసులకు ఆ తేడా తెలుసు, నీకే తెలియాలి, కూర్చోరా అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. పాఠం బాగా నడిచిందనుకున్నాను.

ఇక్కడ పరీక్షల పద్ధతి కొంచెం చెప్పాలి. పదో తరగతిలో ఏడాదికి నాలుగుసార్లు ఫార్మేటివ్ అనే చిన్న పరీక్షలుంటాయి. అందులో ప్రాజెక్టు పనికి అయిదు మార్కులు. ఆ మార్కులు బడిలోనే వేస్తాం కాబట్టి, ఇష్టం వచ్చినట్టు వేశామేమో చూడటానికి మోడరేషన్ బృందం అని పక్క బళ్ళ ఉపాధ్యాయులు వస్తారు. పిల్లల కాగితాలన్నీ ఫైలు చేసి వాళ్ళ ముందు పెట్టాలి. ప్రతి కాగితం మీద ఎర్ర సిరాతో ఒక వ్యాఖ్య ఉండాలి.

దసరా సెలవుల తరువాత ప్రాజెక్టుగా ప్రతి ఒక్కరినీ ఒక కథ రాయమన్నాను. కాగితానికి ముందు వైపు కథ, వెనక వైపు ఆరు గడులు గీసి, తమ కథలో ఏది ఏమిటో నింపాలి. బడికి వస్తున్నవాళ్ళందరూ ఇచ్చారు. నేను మార్కులు వేశాను. ఎలా వేశానో దాచను. పేజీ నిండిందా, దస్తూరీ బాగుందా, గడులు గీశారా అని చూసి వేశాను. ఉద్యోగంలో ఉన్నవారెవరైనా ఇది చదివి ఆశ్చర్యపోతే, వాళ్ళు అబద్ధమాడుతున్నారని అర్థం. కాగితాలు పది రోజులు బీరువాలో ఉన్నాయి.

ఒక శనివారం మధ్యాహ్నం మా హెడ్మాస్టర్ యాదగిరి గారు, సోమవారం మోడరేషన్ వాళ్ళు వస్తున్నారని చెప్పారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు, ఏ పనీ ఆపేవారు కాదు. అదే వరసలో, పబ్లిక్ పరీక్షకు నామినల్ రోల్ వచ్చే శనివారంలోగా పూర్తి కావాలన్నారు. నామినల్ రోల్ అంటే పరీక్ష రాయబోయే పిల్లల జాబితా. ఫోటో, సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం అన్నీ సరిపోతేనే అందులో పేరు ఎక్కుతుంది. ఎక్కకపోతే ఆ ఏడాది పరీక్ష లేదు. నేను ఎర్ర పెన్ను తీసుకొని కూర్చొని, కథల కింద 'బాగుంది', 'ఇంకా బాగా రాయవచ్చు' అని ఆగమేఘాల మీద రాసుకుంటూ పోయాను.

రూతు కాగితం దగ్గర ఆగాను. రూతు ఒక్కరోజు కూడా బడి మానని పిల్ల. తండ్రి దానియేలు టైల్స్ మేస్త్రి, కొంపల్లి విల్లాల్లో పని చేస్తాడు. అక్క ఏదో ఊళ్ళో నర్సింగ్ చదువుతోంది. కథ ఇలా ఉంది:

'బాపు కాలు కింద దిండు పెట్టుకొని పండుకున్నడు. అక్క ఆధార్ కార్డు నా చేతిల పెట్టిండు. రేపటిసంది నువ్వే అక్కవు అన్నడు. కార్డు మీద అక్క ఫోటో ఉన్నది. నాకు అక్క పోలికలు ఉన్నయని చిన్నప్పుడు అందరు అంటుంటె సంబురపడేదాన్ని. ఆరున్నరకు కంపెనీ బస్సు వస్తది. నా సంచిల టిఫిన్ డబ్బా ఉన్నది. పుస్తకాలు లేవు. రోడ్డు మీద నిలబడ్డ. బస్సు లైట్లు కనిపిస్తున్నయి.'

అంతే, అక్కడే ఆగిపోయింది. సెప్టెంబరులో తల్లిదండ్రుల సమావేశానికి దానియేలు కాలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. అక్క ఉండనే ఉంది. మేడ్చల్ చుట్టుపక్కల ప్యాకింగ్ కంపెనీల్లోకి పద్దెనిమిది నిండని పిల్లలు వేరేవాళ్ళ కార్డుతో వెళ్తారని విని ఉన్నాను. నాకు అన్నీ అతికినట్టు సరిపోయాయి. వెనక వైపు తిప్పలేదు.

మరునాడు ఆదివారం. సోమవారం దాకా ఆగవచ్చు. పిల్లను పక్కకు పిలిచి అడగవచ్చు. యాదగిరి గారికి ఒక ఫోను చేయవచ్చు. అవేవీ చేయకుండా ఆ కాగితం పట్టుకొని పొద్దున్నే బస్సెక్కాను. వాళ్ళ ఇంటి దగ్గర అడిగితే చర్చిలో ఉన్నారన్నారు. వెళ్ళేసరికి ఆరాధన అయిపోయింది. వరండాలో చాయ్ తాగుతూ ముప్ఫై మంది దాకా ఉన్నారు. దానియేలు తెల్ల చొక్కా వేసుకొని, బైబిలు చంకన పెట్టుకొని, పెద్దమనుషుల మధ్య నిలబడి ఉన్నాడు. ఆ సంఘంలో ఆయనకు కొంత పెద్దరికం ఉందని నాకు తరువాత తెలిసింది. అప్పుడు తెలిసి ఉన్నా ఆగేదాన్ని కాదేమో.

పదో తరగతి చదివే పిల్లను అక్క పేరు మీద కంపెనీకి పంపుతారా, ఇది నేరమని తెలియదా, కేసు పెడితే ఏమవుతుందో తెలుసా అని రూతు కథ చూపిస్తూ, తరగతి గదిలో మాట్లాడే గొంతుతో అడిగాను. చాయ్ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. దానియేలు చెయ్యి చాపి కాగితం అడిగాడు. పెదవులు కదుపుతూ, ఒక్కో వాక్యం మెల్లగా, చివరిదాకా చదివాడు.

"టీచర్, మా పెద్దపిల్ల కార్డు హాస్టల్ల దాని దగ్గర్నే ఉన్నది. మా పిల్లలు నన్ను డాడీ అంటరు. గీ బాపు ఎవరు?" అన్నాడు.

ముప్ఫై రెండేళ్ళు తెలుగు చెప్పినదాన్ని. ఆయన ఒక్కసారి చదివి పట్టుకున్నది నేను పట్టుకోలేకపోయాను. తల తీసేసినట్టయింది.

లోపల పాటల పుస్తకాలు సర్దుతున్న రూతును ఎవరో బయటికి పిలిచారు. తండ్రి చేతిలో ఆ కాగితం చూడగానే పిల్ల మొహం పాలిపోయింది. నన్ను చూసి, "వెన్క సూడలేదా టీచర్?" అంది.

అప్పుడు కాగితం తీసుకొని తిప్పాను. ఆరు గడులు. 'కథ చెప్పేవారు' అన్న గడిలో, 'మా బెంచీ మీద ఇప్పుడు లేని పిల్ల' అని ఉంది. ముగింపు గడి ఖాళీగా ఉంది.

రూతు బెంచీలో దసరా సెలవుల తరువాత రానిది మమత. ఆ ఖాళీని రోజూ నా చేత్తో నేనే హాజరు పట్టీలో ఆబ్సెంటు అని రాస్తున్నాను. పండుగకు అమ్మమ్మ ఊరికి పోయింది, ఇంకా రాలేదు అని పిల్లలు చెబితే సరే అనుకున్నాను. మా బళ్ళలో దసరా తరువాత రెండు మూడు వారాలు పిల్లలు రాకపోవడం మామూలే.

అక్కడ నేను చేసిన రెండో తప్పు మొదటిదానికంటే పెద్దది. "మమతనా?" అని పైకే అన్నాను.

"ఎవ్వరికి చెప్పనని దానికి ఒట్టేసిన టీచర్. రాయనని ఎయ్యలే. అందుకే రాసిన" అంది రూతు. మరి ముగింపు ఎందుకు రాయలేదని నేను అడిగాను. అంత జరిగాక కూడా టీచర్ బుద్ధి పోలేదు. "అది నాకు తెల్వదు గద. మీరు సూస్కుంటరని ఇచ్చిన" అని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ ఏడ్చింది. చాయ్ తాగుతున్నవాళ్ళలో ఒకామె మమత వాళ్ళ గల్లీలోనే ఉంటుందట. సాయంత్రానికల్లా గల్లీ మొత్తానికి తెలిసిపోయింది. ఎవరు చెప్పారో కూడా తెలిసిపోయింది.

సోమవారం మోడరేషన్ బృందం వచ్చింది. రూతు కథ చూసి, ముగింపు లేదని ఒక మార్కు తగ్గించమన్నారు. నేను తగ్గించలేదు. ఎందుకు తగ్గించలేదో వాళ్ళకు చెప్పనూ లేదు.

ఆ సాయంత్రం యాదగిరి గారు, నేను గౌడవెల్లి వైపున్న మమత ఇంటికి వెళ్ళాం. జరిగినదంతా దారిలో చెప్పాను. ఆయన విని, "మేడమ్, నామినల్ రోల్ శనివారం" అన్నారు, అంతే. ఆయనలో నాకు నచ్చిందీ అదే, విసుగు పుట్టించిందీ అదే.

మమత తండ్రి మల్లేశ్ బిల్డింగు పనిలో పరంజా మీది నుంచి పడ్డాడు. కాలిలో రాడ్డు వేశారు. మంచం మీదే ఉన్నాడు. తల్లి లేదు. పెద్ద కూతురు పెళ్ళయి వెళ్ళిపోయింది, కార్డు ఒకటి ఇక్కడ ఉండిపోయింది. మమత ఇంట్లోనే ఉంది, గోడకానుకొని నేల చూస్తూ. చర్చి దగ్గర మాట కంపెనీ కాంట్రాక్టరు దాకా పోయిందట. ఆ పొద్దున బస్సు దగ్గరే ఆపి, ఇక రావద్దన్నాడు.

యాదగిరి గారు ఫారం తీసి, ఇక్కడ సంతకం పెట్టండి, పిల్లను రేపటినుంచి పంపండి, హాజరు తక్కువైనదానికి మినహాయింపు మేం అడుగుతాం అన్నారు. మల్లేశ్ ఫారం వైపు చూడలేదు. "పని పాయె. పరువు పాయె. ఇగ పరీక్ష ఎందుకు సార్?" అన్నాడు. లోపలి నుంచి వాళ్ళ అవ్వ వచ్చి నా ముందు నిలబడింది. "నువ్వేనా టీచరమ్మ? మంచి జెయ్యాల్నంటె మెల్లగ రావద్దా? చర్చి ముంగట దండోరా ఏస్తివి" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. ఆ మాటలన్నీ పడ్డాను. మమత ఒక్కసారి తలెత్తి, "రూతు చెప్పిందా?" అని అడిగింది. చెప్పలేదు, రాసింది అన్నాను. నాకు అది సరైన జవాబే. ఆ పిల్లకు మాత్రం ఆ రెంటికీ తేడా లేదు.

మంగళవారం ఒకసారి, గురువారం ఒకసారి యాదగిరి గారు ఒక్కరే వెళ్ళి వచ్చారు. రెండుసార్లూ ఖాళీ ఫారంతోనే వచ్చారు.

బుధవారం నేను దానియేలు ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆయన కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇప్పించి, అప్పుడు అన్నాడు. "అన్నది నల్గుర్ల. ఇంట్ల సారీ చెప్తె ఎట్ల టీచర్?" సరే, ఆదివారం వస్తానన్నాను. మల్లేశ్ సంతకం పెట్టడం లేదని కూడా చెప్పాను. సాయం అడగలేదు. ఏ మొహం పెట్టుకొని అడుగుతాను?

శుక్రవారం పొద్దున బడి గేటు దగ్గర దానియేలు నిలబడి ఉన్నాడు, పనికి పోయే బట్టల్లో. చేతిలో యాదగిరి గారిని అడిగి తీసుకున్న కొత్త ఫారం, దాని మీద మల్లేశ్ సంతకం. ఎలా పెట్టించావని అడిగితే, గమ్మత్తుగా నవ్వాడు. "నీ బిడ్డ కథకు నల్గుర్ల మాటలు పడ్డది నేను. గా ఒక్క సంతకమన్న పెట్టు అన్న. ఇద్దరం జర్రసేపు తిట్టుకున్నం. తర్వాత పెట్టిండు." ఇంకా ఒక మాట అన్నాడు. మల్లేశ్‌కు కూర్చొని చేసే పని ఏదైనా ఉంటే చూడమని తన తోటి మేస్త్రీలకు చెప్పాడట. అది కుదిరిందో లేదో నేను అడగలేదు. మమత పేరు శనివారం మధ్యాహ్నం నామినల్ రోల్‌లో ఎక్కింది.

ఆదివారం చర్చికి వెళ్ళాను. అదే వరండా, అదే చాయ్. కథలో ఒకరిని చూసి ఇంకొకరనుకున్నానని, దానియేలు గారిది ఏ తప్పూ లేదని, తప్పు నాదేనని అందరికీ వినపడేలా చెప్పాను. చదువు చెప్పే గొంతు ఆ రోజు రాలేదు. దానియేలు ఒక కప్పు చాయ్ నా చేతికిచ్చాడు. అంతటితో ఆయన వైపు విషయం ముగిసింది.

మమత సోమవారం నుంచి బడికి వచ్చింది. రూతు పక్కన కూర్చోలేదు. కిటికీ వైపు బెంచీకి మారింది. నేను ఒకసారి ఇద్దరినీ పిలిచి మాట్లాడబోయాను. మమత, "పనుంది టీచర్" అని వెళ్ళిపోయింది. ఆ పిల్ల కోపం నాకు అర్థమైంది. పని పోయింది, గల్లీలో మాట పడింది, ఒక్కర్తికే చెప్పుకున్న సంగతి ఊరందరి నోటా పడింది. ఆమె చేతిలో ఉన్నదల్లా దోస్తు మీద కోపం తెచ్చుకోవడమే. మార్చిదాకా వాళ్ళు మాట్లాడుకోలేదు. పరీక్షలో ఇద్దరికీ ఒకే గదిలో హాల్ టికెట్ నంబర్లు పడ్డాయి. ఇద్దరూ పాసయ్యారు. మమత జూనియర్ కాలేజీలో చేరిందని తెలిసింది. రూతు కూడా చేరింది, వేరే కాలేజీలో.

ఆ ఏడాది మిగిలిన రెండు ప్రాజెక్టులకూ పిల్లలు కథగానీ వ్యాసంగానీ ఏదైనా రాయవచ్చన్నాను. రూతు రెండుసార్లూ వ్యాసమే రాసింది. ఒకటి రోడ్డు భద్రత, ఇంకొకటి నీటి పొదుపు. రెండూ తప్పుల్లేకుండా, ప్రాణం లేకుండా ఉన్నాయి. కథ ఎందుకు రాయలేదమ్మా అని అడిగాను. "కథలు నల్గురు సదువుతరు టీచర్" అంది. నా ఉద్యోగంలో నాకు దక్కిన మంచి కథ ఆమెదే. ఆమె చేత ఇంకొకటి రాయించలేకపోయాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ మనసు ఒప్పదు.

ఈ ఉదంతం నేర్పింది చెప్పి ముగిస్తాను. కథ చెప్పేవారు వేరు, రాసేవారు వేరు అని బోర్డు మీద ఏళ్ళ తరబడి రాశాను. ఆ తేడా ఎందుకు ఉందో మాత్రం అప్పటిదాకా నాకు తెలియలేదు. ఒక పిల్ల తన మాట తప్పకుండా ఇంకొక పిల్లను కాపాడాలనుకుంది. అందుకు ఆ తేడా ఒక్కటే ఆమెకు దారి. నేను వెనక పేజీ చూసి, మమత ఇంటికి చప్పుడు చేయకుండా వెళ్ళి ఉంటే, ఆ పేరు ఎవరివల్ల తెలిసిందో ఎవరికీ తెలిసేది కాదు. హాజరు పట్టీలో ఖాళీ చూసి వచ్చానని చెబితే సరిపోయేది, అది నిజం కూడా. మమతకు పరీక్ష రూతు కథవల్ల దక్కింది. రూతుకు దోస్తు నావల్ల పోయింది. ఈ రెండూ ఒకదానికొకటి చెల్లు కావు.

మిగిలిన రెండేళ్ళూ ఆరు గడుల పాఠం చెప్పాను. కథలు రాయించాను. ప్రతి కాగితం రెండు వైపులా చదివి, మార్కులు వేసి, ఎవరి కథ వాళ్ళ చేతికే తిరిగి ఇచ్చేశాను. మోడరేషన్ ఫైలులో వ్యాసాలు మాత్రమే పెట్టాను. కథల కాగితాలు ఎందుకు లేవో రాతపూర్వకంగా తెలియజేయమని నాకు రెండుసార్లు మెమో వచ్చింది. రెండుసార్లూ జవాబు రాసిచ్చాను. కథలు ఇవ్వలేదు.